సంతకమునకు పూర్వము

పట్టణమునందు సొంత ఇల్లు కట్టుకొనదలచిన సామాన్య కుటుంబీకునకు, స్థలము కొనుటకంటెను, అప్పు పుట్టించుకొనుటకంటెను ఎక్కువ బెరుకు కలిగించునది పురపాలక కార్యాలయమునుండి పొందవలసిన అనుమతి. ఆ బెరుకు తరతరములుగా పేరుకొన్నది. అచ్చట ఎవరిని అడుగవలెనో తెలియదు. అడిగినను వారు చెప్పు మాట అర్థము కాదు. అర్థమైనను అది నిన్న మఱియొకరు చెప్పిన మాటతో పొసగదు. అందుచేత మనవారు పెక్కుమంది ఈ కార్యమునంతటిని ఎవరో ఒక తెలిసినవానికి అప్పగించి, అతడు అడిగిన సొమ్ము ఇచ్చి, అతడు చూపిన చోటనెల్ల సంతకము చేసి, ఇంక మన పని అయిపోయినదని ఊపిరి పీల్చుకొనుట అలవాటు చేసికొనిరి. పూర్వము ఆ అలవాటువలన కొంత ధననష్టము కలిగినను, ఇల్లు మాత్రము నిలిచియుండెడిది. నేడు చదువక చేసిన సంతకము ఇంటి ఉనికికే ముప్పు తెచ్చుచున్నది.

దీనికి కారణము హైదరాబాదు మొదలైన నగరములలో అనుమతి స్వభావమే మాఱిపోవుట. 2020వ సంవత్సరమున తెలంగాణ శాసనసభ భవన నిర్మాణానుమతులకును స్వీయ ధ్రువీకరణమునకును సంబంధించిన చట్టమును ఆమోదించగా, ఆ యేడు నవంబరు మాసమునుండి టీఎస్ బీపాస్ అను పేరున అది ఆచరణలోనికి వచ్చెను. దాని ప్రకారము, 75 చదరపు గజములకు మించని స్థలములో 7 మీటర్ల ఎత్తునకు లోబడి ఇల్లు కట్టుకొనువానికి అనుమతితోనే పని లేదు. 1 రూపాయి చెల్లించి నమోదు చేసికొన్న చాలును. అంతకు మించి 600 గజములవఱకు, అనగా 500 చదరపు మీటర్లవఱకు గల స్థలమున, 10 మీటర్ల ఎత్తు మించని నివాసగృహమునకు యజమాని తన వివరములను తానే ధ్రువపఱచి ఆన్‌లైన్‌లో దాఖలు చేసి రుసుము చెల్లించినచో, అప్పటికప్పుడే అనుమతిపత్రము చేతికి వచ్చును. అంతకంటె పెద్ద కట్టడముల దరఖాస్తులను అధికారులు 21 దినములలో తేల్చవలెను. తేల్చనిచో 22వ దినమున అనుమతి లభించినట్లే చట్టము భావించును. పిదప ఈ పనిని బిల్డ్‌నౌ అను క్రొత్త ఆన్‌లైన్ వ్యవస్థకు మార్చనారంభించిరి. పేర్లును తెరలును మాఱవచ్చును గాని, యజమాని మాటను నమ్మి ముందు అనుమతి ఇచ్చుట, పిదప పరీక్షించుట అను మూలసూత్రము మాత్రము స్థిరపడినది.

ఈ సంస్కరణము మంచిదని నేను మనఃపూర్వకముగా నమ్ముచున్నాను. ఒక చిన్న ఇంటి ప్లాను కొఱకు నెలల తరబడి సర్కిల్ ఆఫీసు మెట్లెక్కి దిగిన కాలమును ఎఱిగినవారెవ్వరును ఆ కాలము మరల రావలెనని కోరరు. అయితే ఈ సౌకర్యముతోపాటే ఒక బరువు కూడ మన భుజముల మీదికి వచ్చినదను సంగతిని మనలో చాలమంది గుర్తింపలేదు. పూర్వము ప్లానును అధికారి చూచెడివాడు, కొలత తప్పినచో అతడే చెప్పెడివాడు, అతని సంతకము మనకు కొంత రక్షణముగా ఉండెడిది. నేడు, ఈ స్థలము నాదే, ఇది చెఱువులో లేదు, ప్రభుత్వభూమి కాదు, ఇంత ఖాళీ విడిచెదను, ఇంత ఎత్తు కట్టెదను అని పలుకుచున్నది మనమే. ఆ పలుకు అసత్యమని తేలినచో అనుమతి రద్దగును. అనుమతికి విరుద్ధముగా లేచిన కట్టడమును నోటీసుతో పనిలేకయే తొలగించు అధికారమును 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టమును, ఈ 2020 చట్టమును పురపాలకులకు ఇచ్చినవి. తెలియక చేసితిననుట అచ్చట సమాధానము కానేరదు. ఏలయనగా, తెలిసియే చేసితినని మనమే వ్రాసి ఇచ్చియుంటిమి. కావున నియమమును తెలిసికొను బాధ్యత ఇప్పుడు ఇంటి యజమానిది. ఈ అధ్యాయమునందు నేను చెప్పదలచినదంతయు ఈ ఒక్క సంగతి చుట్టును తిరుగును.

నియమమును నేర్చుకొనుటకు ముందు దానిని శత్రువుగా చూచు దృష్టి పోవలెను. మన డబ్బు పెట్టి కొన్న స్థలములో మన ఇష్టము వచ్చినట్లు కట్టుకొనరాదా అని ప్రశ్నించువారు కలరు. హైదరాబాదు నగరచరిత్రయే వారికి సమాధానము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసి వేలమందిని బలిగొన్న పిదపనే, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనలను అనుసరించి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు వెలసెను. నగరాభివృద్ధి మండలి ఏర్పడి ఇఱుకు బస్తీలను సరిదిద్ది వీథులను వెడల్పు చేయుటకు పూనుకొనెను. నీటికి దాని దారిని విడువవలెను, గాలికి వెలుతురునకు చోటు ఈయవలెను, అగ్నిప్రమాదము వచ్చినపుడు మనిషి చొరబడుటకు సందు ఉండవలెను అను మూడు అవసరములనుండియే నేటి భవన నియమములలో అధికభాగము పుట్టినది. 2020 అక్టోబరులో కుండపోతగా వర్షము కురిసి కాలనీలకు కాలనీలే నీట మునిగినపుడు, నాలాల మీదను చెఱువుల అంచులయందును ఇండ్లు కట్టినవారే కాక, వారికి దూరముగా సక్రమముగా కట్టుకొన్నవారు కూడ ఆ కష్టమును అనుభవించిరి. మనము వెనుక విడువని మూడడుగులు మన ఇంటికి కలసివచ్చిన మూడడుగులుగా కనబడును గాని, అవి నిజమునకు పొరుగింటి వంటగదికి రావలసిన వెలుతురునుండి తీసికొన్న మూడడుగులు. ఉడిపి పట్టణమునకు చెందిన ఒక వ్యాజ్యములో 1974లోనే మన సర్వోన్నత న్యాయస్థానము, నియమవిరుద్ధమైన కట్టడము ఆ ప్రాంతవాసుల హక్కులకు భంగకరమని తీర్పు చెప్పియున్నది.

ఇంక కార్యక్రమమునకు వత్తము. అనుమతి విషయమున జరుగు పొరపాటులలో పెక్కు దరఖాస్తునాడు జరుగునవి కావు. స్థలము కొన్ననాడే జరిగిపోవును. రిజిస్ట్రేషన్ అయినది గనుక అంతయు సక్రమమే యనుకొనుట మన సమాజమున వేళ్లూనుకొన్న గొప్ప భ్రమ. రిజిస్ట్రేషన్ క్రయవిక్రయములకు సాక్ష్యము మాత్రమే. ఆ భూమిలో ఇల్లు కట్టవచ్చునని అది చెప్పదు. అందుచేత బయానా ఇచ్చుటకు పూర్వమే అమ్మువాని దస్తావేజును మాత్రమే కాక, దాని వెనుకనున్న లింకు డాక్యుమెంట్లను వరుసగా తెప్పించుకొని చదువవలెను, ఆస్తిమీది భారములను తెలుపు ఈసీ తీయించవలెను, సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో, అనగా రిజిస్ట్రేషన్ చట్టము 22ఏ సెక్షను క్రింద ఉన్న పట్టికలో, కలదేమో చూచుకొనవలెను. అసైన్డ్ భూమి, దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి, భూదాన భూమి అను మాటలలో ఏ ఒక్కటి వినబడినను అచ్చటనే ఆగవలెను. నోటరీ కాగితము మీద చేతులు మాఱుచు వచ్చిన ప్లాటు ఎంత చవుకయైనను, ఆ చవుకదనము రేపు అనుమతి కొఱకు నిలబడిననాడు తన అసలు ధరను చెప్పును.

తరువాత చూడవలసినది భూవినియోగము. మాస్టర్ ప్లానులో ఆ సర్వే నంబరు నివాసమండలమున ఉన్నదా, వ్యవసాయ పరిరక్షణ మండలమున ఉన్నదా, పార్కుగానో రోడ్డుగానో గుర్తింపబడినదా అను విషయమును తెలుపు ధ్రువపత్రమును హెచ్‌ఎండీఏ వంటి నగరాభివృద్ధి సంస్థలనుండి రుసుము చెల్లించి పొందవచ్చును. నగరమునకు పడమట ఉన్న జంట జలాశయముల పరీవాహకప్రాంతమున, కట్టడములపై ఆంక్షలు విధించిన 1996 నాటి 111 జీవో పరిధిలో 84 గ్రామములు కలవు. అచ్చట కొనువారు ఈ ఒక్క కాగితము విషయమున రెట్టింపు జాగ్రత్త వహింపవలెను. లేఅవుటు అనుమతి పొందినదా కాదా అనునది వేఱొక ప్రశ్న. అనుమతిలేని లేఅవుట్లలోని ప్లాట్ల కొఱకు 2020లో వచ్చిన క్రమబద్ధీకరణ పథకము ఆ యేడు ఆగస్టు 26వ తేదీవఱకు రిజిస్టరైనవానికి వర్తించునట్టిది. ఎల్‌ఆర్‌ఎస్ అని అందఱును పిలుచు ఈ క్రమబద్ధీకరణములో, ఆ లేఅవుటులో ఖాళీస్థలమును విడువనందులకు భూమి విలువలో 14 శాతము అదనముగా చెల్లింపవలసియుండును. అమ్మువాడు ఎల్‌ఆర్‌ఎస్ కట్టితినని చెప్పినచో, దరఖాస్తు రసీదు చూచి తృప్తిపడక, తుది ఉత్తర్వును అడుగవలెను. ఈ రెంటికిని గల భేదము తెలియక మోసపోయినవారి సంఖ్య తక్కువ కాదు.

చెఱువు సంగతి ప్రత్యేకముగా చెప్పవలసినది. చెఱువు నిండినపుడు నీరు ఎంతవఱకు వచ్చునో ఆ హద్దును ఎఫ్‌టీఎల్ అందురు. 10 హెక్టార్లు, అనగా సుమారు 25 ఎకరములు, అంతకు మించిన చెఱువునకు ఆ హద్దునుండి 30 మీటర్లును, చిన్న చెఱువునకు 9 మీటర్లును కట్టడము లేకుండ విడువవలెనని 2012 ఏప్రిల్ 7వ తేదీన వెలువడిన 168వ జీవో నియమావళి శాసించుచున్నది. నాలాలకును వాగులకును వాని వెడల్పును బట్టి వేఱు కొలతలు కలవు. వేసవిలో చూచినపుడు ఆ చోట నీటిచుక్క ఉండకపోవచ్చును, జొన్నచేను ఊగుచుండవచ్చును. కావున కంటితో నిర్ణయింపరాదు. నీటిపారుదల, రెవెన్యూ శాఖల పటములను చూచియే నిర్ణయింపవలెను. 2024 జులైలో ఆక్రమణలను తొలగించు హైడ్రా సంస్థ ఏర్పడిన పిదప జరిగిన కూల్చివేతలలో కన్నీరు పెట్టుకొన్న కుటుంబములను చూచినవారెవరికైనను, ఆ పటమును చూచుటకు వెచ్చించు ఒక దినము ఎంత విలువైనదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

స్థలము నిర్దోషమని తేలిన పిమ్మట హద్దులనుండి విడువవలసిన ఖాళీల, అనగా సెట్‌బ్యాకుల లెక్క. దీనిని ఇంజనీరునకు విడిచిపెట్టక యజమాని తాను స్వయముగా ఒక తెల్లకాగితము మీద వేసికొనవలెనని నా అభిప్రాయము. ఉదాహరణమునకు, నగరములో సామాన్యులు కొనునట్టి 150 గజముల ప్లాటును తీసికొందము: రోడ్డు వైపు 30 అడుగులు, లోపలికి 45 అడుగులు; చదరపు మీటర్లలో సుమారు 125. 168వ జీవో పట్టికలో 100 నుండి 200 చదరపు మీటర్ల తరగతికి, 12 మీటర్లకు మించని రోడ్డు మీద, ముందు 1.5 మీటరును, తక్కిన మూడువైపుల ఒక్కొక్క మీటరును విడువవలెను. ఎత్తు 10 మీటర్లు మించరాదు. ఒక మీటరనగా మూడడుగుల మూడంగుళములకు పైమాట. రెండు ప్రక్కల విడిచిన పిదప వెడల్పు ఇంచుమించు 23 అడుగుల 5 అంగుళములు మిగులును. ముందు వెనుకల విడిచిన పిదప లోతు 36 అడుగుల 9 అంగుళములు మిగులును. అంతస్తునకు సుమారు 860 చదరపు అడుగులు. నేల అంతస్తుతో కూడ మూడంతస్తులు.

ఇది ఆ ప్లాటు యొక్క నిజమైన శక్తి. 1350 చదరపు అడుగులని దస్తావేజులో ఉన్న అంకె కాదు. మఱి మీ ముందున్నది 20 అడుగుల రోడ్డై, దానిని 30 అడుగులకు వెడల్పు చేయవలసియుండి, అందులో మీ వైపున 5 అడుగులు పోవునట్లున్నచో, ముందు ఆ 5 అడుగులను రోడ్డునకు విడిచి, ఆ క్రొత్త హద్దునుండి మరల 1.5 మీటరును లెక్కింపవలెను. అప్పుడు అంతస్తునకు 745 చదరపు అడుగులే మిగులును. అట్లు రోడ్డునకు విడిచిన భూమికి బదులుగా టీడీఆర్, అనగా బదలాయింపదగిన నిర్మాణహక్కు, పొందుటయో, నియమములలో కొంత సడలింపు పొందుటయో సాధ్యమగును. అయితే అడిగినవానికే అవి దొరకును. ఈ లెక్కను ప్లాటు కొనకముందే వేసికొన్నచో, మూడు పడకగదుల ఇంటిని ఊహించుకొని రెండు గదులకు సరిపడు నేలను కొను దురవస్థ తప్పును. కట్టు సమయమున, గది చాలలేదను సాకుతో సెట్‌బ్యాకులోనికి చొచ్చుకొనిపోవు ప్రలోభము కూడ మొదటనే నశించును. డీవియేషన్లలో, అనగా ప్లానును తప్పి కట్టుటలలో, అధికభాగము దురాశనుండి పుట్టునవి కావు. ముందుగా వేయని ఈ చిన్న లెక్కనుండి పుట్టునవి. ఆంధ్రప్రదేశమున కట్టువారు 2017 నాటి భవన నియమావళిలోని తమ పట్టికను చూచుకొనవలెను. లెక్కించు పద్ధతి ఇదియే.

దరఖాస్తును పెట్టుటకు లైసెన్సు పొందిన ఆర్కిటెక్టుగాని ఇంజనీరుగాని అవసరము. ఆయన లైసెన్సు అమలులో ఉన్నదో లేదో చూచుట మర్యాదలోపము కాదు. ఆయన మీకు చేయవలసిన పనిని మూడు మాటలలో అడుగుడు: నా ప్లాను నాకు అర్థమగునట్లు చెప్పుడు, దాఖలు చేయు ప్రతి పత్రము యొక్క నకలును నాకు ఇండు, నా ఫోను నంబరుతోనే ఖాతా తెఱవుడు. ఈ మూడవ మాట మిక్కిలి ముఖ్యమైనది. మధ్యవర్తి తన నంబరుతో ఖాతా తెఱచినచో, కార్యాలయమునుండి వచ్చు ప్రతి సందేశమును అతనికే పోవును. షార్ట్‌ఫాల్ వచ్చినదో లేదో, వచ్చినచో ఏ కాగితము లోపించినదో మీకు తెలియదు. ‘లోపల ఇబ్బంది పెట్టుచున్నారు’ అని అతడు చెప్పినదే వేదమగును. షార్ట్‌ఫాల్ అనగా తిరస్కారము కాదు. దస్తావేజులో ఉన్న పేరునకును ఆధారులోని పేరునకును ఒక అక్షరము తేడా ఉండవచ్చును, దస్తావేజులోని కొలత స్థలములోని కొలతతో సరిపోలకపోవచ్చును, లింకు డాక్యుమెంటులో ఒక పుట మసకగా ఉండవచ్చును. శాంతముగా చదివి, అడిగినదానిని మాత్రమే, అడిగిన రూపములోనే పంపవలెను. దస్తావేజులో 150 గజములున్నను నేల మీద 146 గజములే ఉన్నచో, ఏది తక్కువయో దానినే ఆధారముగా గైకొని ప్లాను గీయించుట క్షేమము.

ఇచ్చట లంచము మాట ఎత్తక తప్పదు. నియమము పూర్తిగా పాటించిన దరఖాస్తునకు లంచము ఇయ్యవలసిన అవసరము నేటి పద్ధతిలో చాలవఱకు లేదు. లంచము ఎక్కువగా పుట్టునది మన ప్లానులో మనమే దాచిన లోపమునుండి. ఆ లోపము లేనివాడు ధైర్యముగా మాటాడగలడు. కార్యాలయమునకు పోవునపుడు అధికారిని దేవునివలెనో దొంగవలెనో చూడక, తన విధిని నిర్వహించు ఒక ఉద్యోగిగా చూచి, ‘అయ్యా, నా దరఖాస్తు నంబరిది, ఏ నియమము క్రింద ఆగినదో దయచేసి వ్రాతమూలకముగా తెలుపుడు’ అని అడిగినచో, నూటికి తొంబదిమంది సవ్యముగానే సమాధానము చెప్పుదురు. చెప్పనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము ఉన్నది. 30 దినములలో సమాధానము రావలెను. ఎవరైనను సొమ్ము అడిగి పీడించినచో అవినీతి నిరోధక శాఖవారి 1064 నంబరు కలదు. ఈ రెండు సాధనములును ఎఱిగియున్నవాని కంఠములో వచ్చు నిబ్బరము, వానిని ఉపయోగింపకుండగనే అతని పనిని చక్కబెట్టును.

అనుమతి వచ్చిన నాడు నిశ్చింతపడువారు, నా అనుభవమున, ముగ్గు పోయించు నాడు మోసపోవుదురు. మేస్త్రీ తాడు పట్టుకొని నిలబడి, "సార్, వెనక అడుగున్నర వదిలితే చాలు, ఈ గల్లీల అందరు గట్లనే కట్టిన్రు" అనును. ఆ మాటలో దుర్బుద్ధి లేదు. అతడు చూచిన లోకము అది. ఆ క్షణమున యజమాని చేతిలో అనుమతి పొందిన ప్లాను నకలును, ఒక టేపును ఉండవలెను. ప్రహరీ కట్టవలసిన హద్దురాయినుండి స్తంభము వెలుపలి ముఖమువఱకు కొలువవలెను, స్తంభము నడిబొడ్డువఱకు కాదు. ఆపై గోడకు సున్నము, సిమెంటు పూత, రాయి పలకలు వచ్చి రెండంగుళములు తినివేయును గనుక, కావలసినదానికంటె మూడంగుళములు ఎక్కువగా విడిచి ముగ్గు పోయించుట వివేకము. స్లాబు పోయునపుడు మఱియొక అపాయము పొంచియుండును. క్రింది అంతస్తులో మీటరు విడిచి, మీది అంతస్తులో బాల్కనీ పేర గోడను వెలుపలికి నెట్టుట మన నగరములలో ఎల్లెడల కనబడును. ఖాళీ అనగా ఆకాశమువఱకు ఖాళీ. సజ్జలు కొంతమేర ముందుకు రావచ్చును గాని గది రారాదు. మేడ మీద పెంట్‌హౌసు అను పేర వేయు అదనపు గది, పార్కింగు కొఱకు చూపిన స్టిల్టులో కట్టు దుకాణము, ర్యాంపు పేర వీథిలోనికి జాఱవిడుచు మెట్లు కూడ ఈ కోవలోనివే. వీనిలో ఒక్కొక్కటి కట్టునపుడు చౌక, కూల్చునపుడు మిక్కిలి ఖరీదు.

పని జరుగుచున్నంత కాలము అనుమతి పొందిన ప్లానును స్థలములో అందఱకును కనబడునట్లు ఉంచవలెను. అనుమతికి కాలపరిమితి కలదు: 18 మాసములలో పని ప్రారంభింపవలెను, సామాన్య గృహములను 3 సంవత్సరములలో ముగింపవలెను. పెద్ద కట్టడములకు, కట్టిన వైశాల్యములో 10 శాతమును పురపాలక సంస్థకు మార్టిగేజు చేయించుకొందురు. అనుమతి ప్రకారము కట్టి, ఓసీ పొందిన నాడు అది విడుదలయగును. ఓసీ అనగా నివాసయోగ్యతా పత్రము. మనవారు దీనిని కేవలము లాంఛనముగా భావించి, గృహప్రవేశము చేసి, పాలు పొంగించి, కరెంటు మీటరు వచ్చినదిగదా యని ఊరకుందురు. ఈ ఉదాసీనత ఇంక చెల్లదు. 2024 డిసెంబరు 17వ తేదీన మీరట్ నగరములోని ఒక అక్రమ కట్టడమును గూర్చి తీర్పు చెప్పుచు సర్వోన్నత న్యాయస్థానము, ఓసీ చూచిన పిదపనే విద్యుత్తు, నీరు, మురుగు కనెక్షనులు ఈయవలెననియు, బ్యాంకులు కూడ ఆ పత్రమును పరిశీలించియే రుణము మంజూరు చేయవలెననియు దేశమంతటికి ఆదేశించినది. ఓసీ లేని ఇల్లు అమ్ముకొనుటకును, తాకట్టు పెట్టుటకును రానురాను కష్టమగును. కావున పని ముగిసిన వెంటనే నిర్మాణము పూర్తియైనదను నివేదికతో దరఖాస్తు చేయవలెను. 15 దినములలో దానిని పరిష్కరింపవలెనని చట్టము చెప్పుచున్నది. ఎత్తైన భవనములు కాని సామాన్య గృహములలో, ముందువైపు కాక తక్కిన సెట్‌బ్యాకులలో 10 శాతము లోపు తేడా వచ్చినచో, అపరాధ రుసుము కట్టించుకొని క్రమబద్ధము చేయు వీలు నియమావళిలో ఉన్నది. ఆ వీలు ప్రమాదవశమున జరిగిన పొరపాటు కొఱకు. మొదటినుండియే ఆ 10 శాతమును మన సొంతముగా లెక్కగట్టుకొని ముగ్గు పోయించువాడు, పూత మందము వచ్చి చేరగనే 12 శాతమునకు పోయి చిక్కుపడును.

ఇప్పటికే కట్టిన ఇంటిలో లోపమున్నవారు ఏమి చేయవలెను? ఆస్తిపన్ను కట్టుచున్నాము గనుక భయము లేదనుకొనువారు పెక్కుమంది. హైదరాబాదు నగరపాలక చట్టము ప్రకారము అక్రమ కట్టడముల మీద లోపపు పరిమాణమును బట్టి అదనపు పన్ను విధింతురు. అనుమతియే లేనిదానిమీద అది పన్నుతో సమానమగును, అనగా మొత్తము రెట్టింపు కట్టవలెను. ఆ పన్ను శిక్షయే గాని హక్కు కాదు; దానిని ఎన్ని యేండ్లు చెల్లించినను కట్టడము సక్రమము కాదు. నోటీసు వచ్చినచో దానిని తీసికొనక తలుపు వేసికొనుటయు, గోడకు అంటించి పోయిన కాగితమును చింపివేయుటయు మిక్కిలి కీడు చేయును. నోటీసులోని తేదీని, సెక్షనును, ఆరోపించిన లోపమును, సమాధానమునకు ఇచ్చిన గడువును గుర్తు పెట్టుకొని, ఆ గడువులోపల అనుమతిపత్రము, ప్లాను, కొలతలతో కూడిన ఛాయాచిత్రములు జతపఱచి వ్రాతమూలకముగా సమాధానము ఇచ్చి, చేరినట్లు రసీదు తీసికొనవలెను. నోటీసు లేకయే తొలగించు అధికారము చట్టములో ఉన్నను, కట్టడములను కూల్చుటకు ముందు సాధారణముగా 15 దినముల నోటీసు ఈయవలెనని 2024 నవంబరు 13వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము నిర్దేశించినది. అయితే రోడ్లు, కాలిబాటలు, నదులు, జలాశయములు మొదలైనవానిని ఆక్రమించిన కట్టడములకు ఆ రక్షణము వర్తింపదని కూడ అదే తీర్పులో స్పష్టముగా చెప్పినది. లోపము నిజముగా ఉన్నచో, న్యాయవాదితోపాటు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును కూడ పిలిపించి, మిగిలిన ఇంటికి దెబ్బ తగులకుండ ఎంత భాగమును మనమే తొలగించుకొనవచ్చునో అడుగవలెను. యజమాని తానే జాగ్రత్తగా తీయించిన గోడకును, యంత్రము వచ్చి పడగొట్టిన గోడకును నష్టములో ఉన్న అంతరము చాల గొప్పది.

స్థలము కొని కట్టక ఫ్లాటు కొనువారికి ఈ శ్రమలో సగము తప్పినట్లు తోచును. నిజమునకు వారు ఇతరుల సంతకమును నమ్మి జీవితకాలపు సొమ్మును పెట్టుచున్నారు గనుక, వారు చదువవలసినది ఇంకను ఎక్కువ. 500 చదరపు మీటర్లకు మించిన స్థలములోగాని, 8కి మించిన ఫ్లాట్లతోగాని కట్టు ప్రాజెక్టు 2016 నాటి రెరా చట్టము క్రింద నమోదు కావలెను. ఆ నమోదు నంబరుతో అనుమతి పొందిన ప్లానును ఎవరైనను చూడవచ్చును. దానిలో ఎన్ని అంతస్తులున్నవో లెక్కపెట్టి, మీకు అమ్మజూపు ఫ్లాటు అందులో ఉన్నదో లేదో చూచుకొనుడు. పురపాలక సంస్థకు మార్టిగేజు చేసిన ఫ్లాట్లు ఏవో అనుమతిపత్రముతోపాటు ఉన్న దస్తావేజులో వ్రాసియుండును. మీది ఆ ఫ్లాట్లలో ఒకటియైనచో, అది విడుదలయైన పిదపనే తుది సొమ్ము చెల్లించు షరతును అగ్రిమెంటులో వ్రాయించుకొనుడు.

అనుమతిపత్రము, ముద్రతో కూడిన ప్లాను, చెల్లించిన ప్రతి రుసుము రసీదు, రోడ్డునకు భూమి విడిచినచో దాని దానపత్రము, మార్టిగేజు విడుదల పత్రము, ఓసీ, వీనినన్నిటిని ఒక ఫైలులో వరుసగా కుట్టి, ఇంటి దస్తావేజులతోపాటు బీరువాలో ఉంచి, భార్యాపిల్లలకు కూడ చదివి వినిపించి అర్థము చెప్పుడు.